తాతల పేర్లు దఫ్తరాల్లో ఉన్నాయి

మా బళ్ళారి సత్యనారాయణపేటలో దుకాణాల బోర్డులు కన్నడంలో ఉంటాయి, ఇళ్ళలోంచి కేకలు తెలుగులో వినిపిస్తాయి. పెళ్ళి సంబంధాల మాటొస్తే పెద్దవాళ్ళు మొట్టమొదట అడిగేది జీతం కాదు, 'మీ మూలం ఏ ఊరు నాయనా?' అని. ఆదోని అనీ, ఆలూరు అనీ, రాయదుర్గం అనీ, ఉరవకొండ అనీ జవాబొస్తుంది. అక్కడితో సరి. తాత పేరు అందరికీ తెలుసు. ముత్తాత పేరు తద్దినాలు పెట్టే ఇళ్ళలో తెలుసు, పిండం పెట్టేటప్పుడు మూడు తరాలు చెప్పాలి గనక. ఆపైన ఒక్కసారిగా విజయనగరం వచ్చేస్తుంది. ప్రతి ఇంటి పెద్దా రాయలవారి దగ్గర దండనాయకుడో, కోశాధికారో అయి ఉంటాడు. అంతమంది దండనాయకులుంటే తళ్ళికోటలో కత్తి పట్టి నడిచిన బంటులెవరో నాకిప్పటికీ అర్థం కాదు.

నేను వకీళ్ళ దగ్గర గుమాస్తాగా బతికినవాణ్ణి. కక్షిదారుల పొలాల కోసం పాత కాగితాలు తీయించడం, నకళ్ళకు దరఖాస్తులు రాయడం, ఫసలీలను ఇంగ్లిషు సంవత్సరాల్లోకి మార్చి చెప్పడం నా పని. కళ్ళు మసకబారి ఆ పని మానేశాక మా సొంత వంశం సంగతి పట్టుకున్నాను. ఈ చుట్టుపక్కల పొలమున్న మామూలు రైతు కుటుంబం కూడా కాగితం మీద రెండువందల ఏళ్ళ వెనక్కి పోవచ్చునని నాకు నమ్మకం కుదిరింది. ఆ కాగితం ప్రభుత్వం చేతిలోనే ఉంది. అయితే భూమి తగాదా ఉన్నవాడికే గాని, తాత ఎవరో తెలుసుకోవాలన్నవాడికి దాన్ని చూపరు. ఆ పద్ధతి మారాలని నా వాదన.

గొప్పింటి వాళ్ళకు ఈ బాధ లేదు. ఈ ఊళ్ళోనే వకాలతు చేస్తూ నాటకాలు రాసిన కోలాచలం శ్రీనివాసరావుగారిది ఎటువంటి ఇంటిపేరో చూడండి. ఆ పేరు పట్టుకుని పోతే మెదక్ జిల్లా కొల్చారం, కాళిదాసుకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథసూరి తగులుతారు. మా ఇంటిపేరు పట్టుకుని పోతే ఎండిపోయిన ఒక వంకా, దాని గట్టున నాలుగు తుమ్మచెట్లూ తగిలాయి. మల్లినాథుడు లేనివాళ్ళకు శిస్తు లెక్కలే దిక్కు.

మా తాత ఆలూరు తాలూకాలోని ఒక పల్లె విడిచి, పత్తి జిన్నింగు మిల్లులో పనికని బళ్ళారి వచ్చాడు. ఆయన ట్రంకుపెట్టెలో అడుగున ఒక విక్రయ పత్రం దొరికింది. అందులో సర్వే నంబరు పక్కన 'టి.డి. నెం.' అని ఉంది. మామూలు వాళ్ళకు అది పట్టదు. నాకు పట్టింది, ఎందుకంటే టైటిల్ డీడు నంబరు ఉందంటే ఆ నేల ఒకప్పుడు ఇనాం. ఇనాం అయితే దానికో రిజిస్టరు ఉండి తీరాలి.

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి వదిలేశాడు. దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన మన్రో 1807 దాకా ఉండి, పొలం పొలం కొలిపించి రైతు పేరునే శిస్తు కట్టాడు. జమీందారులున్న సీమల్లో ప్రభుత్వ లెక్కలో జమీందారు పేరు ఉంటుంది గాని రైతు పేరు వెతికి పట్టుకోవడం కష్టం. మనకు రైతు పేరు కచేరీ దాకా పోవడం అప్పుడే మొదలైంది. శిస్తు కోసం రాశారే గాని మన మీద ప్రేమతో కాదు, అయినా రాశారు. తరవాత 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. ఎవరెవరు ఏ హక్కుతో ఇనాం అనుభవిస్తున్నారో ఊరూరా విచారించి, జోడి, అంటే ఇనాందారు కట్టవలసిన తక్కువ శిస్తు, ఎంతో తేల్చి, హక్కు పత్రాలిచ్చారు. ఆ విచారణ ఫలితమే ఇనాం ఫెయిర్ రిజిస్టరు. దాని గడులు చూస్తే వంశవృక్షం గీసేవాడి నోరూరుతుంది. ఇనాం ఎవరిచ్చారు, ఏనాడిచ్చారు, మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, అతని వయసెంత, మొదటివాడికి ఇతనేమవుతాడు... అన్నీ ఒకే వరసలో ఉంటాయి.

మాది దశబంధం ఇనాం అని తేలింది. బావో చెరువో సొంత ఖర్చుతో తవ్వించి, దాన్ని బాగు చేసుకుంటూ ఉండే షరతు మీద ఇచ్చే ఇనాం అది. దత్తమండలాల్లో ఇవి విరివిగా ఉండేవి. చెరువు పని సర్కారు చేయలేనప్పుడు చేసినవాడికి కొంత నేల మీద శిస్తు వదిలేయడమన్న మాట. రిజిస్టరు ప్రకారం మా మూలపురుషుడు కంపెనీ రాకముందే రెండు కపిలల (ఎద్దుల మోటల) బావి తవ్వించాడు. విచారణనాటికి ఆయన లేడు, కొడుకున్నాడు, వయసు యాభై అని రాశారు. దండనాయకుడు కాదు, బావి తవ్వించినవాడు. మా ఇంట్లో కొంతమందికి ఇది నచ్చలేదు. నాకు మాత్రం మీసం మీద చెయ్యి పోయింది. వర్షం నమ్మలేని ఆ నల్లరేగడిలో నీళ్ళు పడేదాకా తవ్వినవాడికంటే గొప్పవాణ్ణి ఏ శాసనంలో వెతకను?

రిజిస్టరు దొరికినంత మాత్రాన పని అయిపోదు. మా సీమలో పేర్లతో పెద్ద చిక్కు. ఉరుకుంద ఈరన్నస్వామి మీద భక్తితో ప్రతి ఊళ్ళో సగం మంది ఈరన్నలే. కసాపురం ఆంజనేయుడి పేర హనుమంతులు, బళ్ళారి దుర్గమ్మ పేర దుర్గప్పలు. పీర్ల పండక్కి మొక్కుకుని పుట్టినవాళ్ళు హుసేనప్పలు, దస్తగిరులు. ఊరు తెలియని పరిశోధకుడెవరైనా ఆ జాబితా చూస్తే పల్లెలో సగం తురకలనుకుంటాడు. పైగా తాత పేరు మనవడికి పెట్టడం ఆచారం. ఒక ఈరన్న కొడుకు హనుమంతు, హనుమంతు కొడుకు మళ్ళీ ఈరన్న. శిస్తు లెక్కలో ఈరన్న అని ఉంటే తాతా, మనవడా?

దీనికి మా వృత్తిలో ఒక ఉపాయం ఉంది: చెక్కుబందీ. మీ పొలం పత్రాలు పోతే పోనివ్వండి, పక్క పొలంవాడి విక్రయ పత్రం తీయించండి. తూర్పున ఫలానా హనుమంతు కొడుకు ఈరన్న పొలం అని హద్దులు చెప్పేటప్పుడు మీ తాత పేరు తండ్రితో సహా రాసి ఉంటుంది. రిజిస్ట్రేషను కచేరీల్లో 1860ల నుంచీ పుస్తకాలున్నాయి. మా వంశంలో ఇద్దరు ఈరన్నలను విడదీసింది మా పత్రాలు కాదు, మాతో గట్టు తగాదా పడ్డ పక్క పొలంవాళ్ళ పత్రాలు. శత్రువు రాతలో అబద్ధం తక్కువ.

ఫసలీ లెక్క తెలియాలి, 590 కలిపితే చాలు. ఫసలీ 1270 అంటే 1860 జూలై నుంచి 1861 జూన్ వరకు. కంపెనీ తొలినాళ్ళ హుజూరు కచేరీ కాగితాల్లో మరాఠీ, అదీ మోడీ లిపిలో తగులుతుంది. ఆ లిపి చదివేవాళ్ళు ఈ జిల్లాలో ఇప్పుడెక్కడున్నారో వెతకాలి. ఒక పెద్దాయన కాళ్ళు పట్టుకుని నాలుగు పుటలు చదివించుకున్నాను.

కాగితం కంటే ముందు మాట ఉంది. పంట ఇంటికొచ్చే రోజుల్లో మా పల్లెకు ఎద్దు మీద గంట మోగించుకుంటూ హెళవలు వచ్చేవారు. తెలుగు పల్లెల్లో పిచ్చిగుంట్లవాళ్ళు చేసే పని, వంశాలు చెప్పడం, కన్నడ సీమలో వీళ్ళు చేస్తారు. సరిహద్దు కాబట్టి మా ఊరికి ఇద్దరి రాకా ఉండేది. ఇంటి ముందు నిలబడి, పుట్టినచోటు నుంచీ ఏ ఊరు విడిచి ఏ ఊరొచ్చారో, ఎవరికి ఎవరు పుట్టారో రాగం తీసి చెప్పి, కొత్తగా పుట్టిన పిల్లల పేర్లు రాసుకుని, ధాన్యం పుచ్చుకుని పోయేవారు. నాకు వీళ్ళ మాట మీద నమ్మకం ఉండేది కాదు. కాని మా ఇంటికొచ్చే హెళవ చెప్పిన తరాలను రిజిస్టరుతో పోల్చి చూస్తే, బావి తవ్వించినవాడి పేరూ అతని కొడుకు పేరూ సరిగ్గా కుదిరాయి. దానికి పైన ఆయన ఇంకా ఆరు తరాలు చెబుతాడు. ఆ ఆరింటికీ నా దగ్గర కాగితం లేదు గనక నేను సంతకం పెట్టను. అలాగని కొట్టేయను కూడా. ఆయన కొడుకు ఇప్పుడు బెంగళూరులో డ్రైవరు. తండ్రి పుస్తకాలు ఏం చేస్తావంటే, 'ఏం చేయాలి సార్, మీరే చెప్పండి' అన్నాడు.

ఆడవాళ్ళ సంగతి చెప్పడానికి ఇబ్బందిగా ఉంది. ఇనాం రిజిస్టర్లో ఆడపేరు కనిపించాలంటే సాధారణంగా ఆమె విధవన్నా అయి ఉండాలి, మగపిల్లలు లేకనన్నా ఉండాలి. హెళవ పాటలోనూ కొడుకులదే వరస. మా వంశంలో నాకు దొరికిన అందరికంటే పాత ఆడపేరు పొలం పత్రంలో వేలిముద్ర వేసిన ఒక ముసలామెది. భర్త చేసిన అప్పు తీర్చడానికి నాలుగెకరాలు అమ్మింది. ఆమె ముందున్న తల్లులెవరో ఏ దఫ్తరం చెప్పదు.

పొలం లేనివాళ్ళ, పోగొట్టుకున్నవాళ్ళ గతి ఇంకా అన్యాయం. మా రిజిస్టర్లో ఇద్దరన్నదమ్ములున్నారు. తమ్ముడి శాఖ 1878 తరవాత ఏ లెక్కలోనూ కనిపించదు. కారణం 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువే అయి ఉంటుంది. బళ్ళారి జిల్లా దాని నోట్లోనే పడింది. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య ఈ జిల్లాలో దాదాపు ఐదో వంతు మనుషులు తగ్గారు. కరువు పర్యవేక్షణకు సర్కారు పంపిన రిచర్డ్ టెంపుల్ దొర సహాయ పనుల్లో కూలికి రోజుకు ఒక పౌను గింజలు చాలన్నాడు. ఆ పనులకు ఎన్ని వేలమంది వచ్చారో లెక్క రాశారు గాని, ఎవరొచ్చారో పేర్లు రాసినట్టు నేను చూడలేదు.

అదే మనుషులు ఊళ్ళో చావకుండా మద్రాసు పోయి ఓడెక్కి ఉంటే పేరు నిలిచేది. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికా నటాల్‌కు లక్షా యాభై రెండు వేలమంది కూలీలు వెళ్ళారు, అందులో మూడింట రెండు వంతుల మంది మద్రాసు నుంచే. ఆ ఓడ జాబితాల్లో మనిషికో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు ఉంటాయి. మారిషస్‌లో మోకా ఊరి మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ అలాంటి దఫ్తరాలనే దాచి, వచ్చినవాళ్ళకు వెతికిపెడుతుంది. కొందరి ఫొటోలు కూడా ఉన్నాయి. డర్బన్ తెలుగువాడు, మారిషస్ తెలుగువాడు తన మూలపురుషుడి ఊరు పేరు చేత పట్టుకుని మన పల్లెకొస్తాడు. ఆ పల్లెలోనే ఉండిపోయిన అన్న వంశంవాడికి ఆయన పేరు కూడా తెలియదు. దేశం విడిచిపోయినవాడి చిరునామా పదిలంగా ఉండి, ఇంట్లో ఉన్నవాడి ఆనవాలు పోవడం చిత్రం కాదూ?

ఊరు విడవనివాడి ఆనవాలు కూడా నిలిచే చోట్లున్నాయి. యూరపులో బెల్జియం దేశపు ఫ్లాండర్స్ సీమ చూడండి. అక్కడ పొలమే లేని పాలేరు వంశం కూడా మూడునాలుగు వందల ఏళ్ళు వెనక్కి పోగలదు. 1563లో ట్రెంట్ మహాసభ పెళ్ళిళ్ళకూ బాప్తిస్మాలకూ పుస్తకం పెట్టాలని క్యాథలిక్ చర్చిలకు ఆజ్ఞ వేసింది. 1796లో ఫ్రెంచివాళ్ళు పుట్టుకలూ చావులూ రాసే పని సర్కారుకు అప్పజెప్పారు. ఆ చర్చి పుస్తకాల స్కాన్లను బెల్జియం ప్రభుత్వ దఫ్తరఖానా ఇంటర్నెట్‌లో పెట్టింది. ఎవరైనా చూడొచ్చు, ఎందుకని అడగరు. మనకు గుడిలో పుట్టుకలు రాసే ఆచారం లేదు, నిజమే. మద్రాసు రాష్ట్రంలో జననమరణాల చట్టమే 1899లో వచ్చింది. కాని రాత లోటు వేరు, ఉన్న రాతకు తాళం వేయడం వేరు.

ఆ తాళం ఎన్ని ముక్కలైందో చూడండి. పాత బళ్ళారి జిల్లాలోంచి 1882లో అనంతపురం విడిపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టిన రోజే జిల్లా మళ్ళీ చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్ళారితో సహా మిగిలినవి మైసూరుకు. 2021లో విజయనగర జిల్లా వేరు పడింది. సరిహద్దు గీసినప్పుడల్లా దఫ్తరాలు కూడా మూటలు కట్టుకున్నాయి. ఒక పల్లె కాగితాలు కొన్ని చెన్నై ఎగ్మూరు దఫ్తరఖానాలో, కొన్ని హైదరాబాదు తార్నాకలో, కొన్ని తాలూకా కచేరీ రికార్డు గదిలో ఉంటాయి. కరణాల ఇళ్ళ అటకల మీదివి ఆంధ్రలో 1984లో కరణీకాలు రద్దయ్యాక చాలావరకు చెదలకూ పాతకాగితాలవాడికీ పోయాయి. రాష్ట్రానికో దరఖాస్తు పద్ధతి.

ఒక కచేరీలో నకలుకు దరఖాస్తు పెడితే గుమాస్తా అడిగాడు: 'ఈ సర్వే నంబరు నీ పేరున ఉందా?' లేదు, ఎప్పుడో అమ్మేశాం. 'కోర్టులో కేసుందా?' లేదు. 'మరి నీకెందుకు?' మా ముత్తాత తండ్రి పేరు కావాలి బాబూ అన్నాను. అతను పక్క సీటువాడి వంక చూసి నవ్వాడు. అతని తప్పేం లేదు. దరఖాస్తు ఫారంలో అటువంటి గడి లేదు.

పాత దస్త్రాలు తెరిస్తే భూకబ్జాదారులు ఎగబడతారని పై అధికారులు అంటారు. ఇనాం నేలల మీద దొంగపత్రాలు పుట్టించేవాళ్ళు లేరని నేనూ అనను, ఆ వ్యాపారాన్ని దగ్గరగా చూసినవాణ్ణే. కాని వాళ్ళకు ఏ రికార్డు గది మూసి ఉందండీ? కావలసిన పుట వాళ్ళకు సాయంత్రానికి ఇంటికొస్తుంది. కొన్నిసార్లు ఆ పుట పుస్తకంలోంచే వస్తుంది, తిరిగి పోదు. మూసినందువల్ల బయట నిలబడేది మర్యాదస్తుడు మాత్రమే. స్కాన్ తీసి నలుగురికీ కనిపించేలా పెడితే పుట చించడం వల్ల లాభం ఉండదు. కులం గడి ఉంటుంది కదా, గొడవలొస్తాయేమో అన్నది ఇంకో మాట. నూరేళ్ళు దాటిన కాగితాలకే తలుపు తీయండి చాలు. ఇంగ్లండువాళ్ళు జనాభా లెక్క ఇంటింటి పత్రాలను నూరేళ్ళు దాచి ఆపైన చూపిస్తారు, 1921వి 2022లో బయటపెట్టారు. మన 1948 జనాభా లెక్కల చట్టంలో ఆ పత్రాలు చూసే హక్కు ఎవరికీ లేదు, ఎన్నేళ్ళకైనా సరే. దాన్ని మార్చమని అడిగే ఓపిక నాకు లేదు, శిస్తు లెక్కలు చూపిస్తే చాలు.

కర్ణాటక రెవెన్యూ శాఖ తాలూకా కచేరీల పాత దాఖలాలను 'భూ సురక్షా' పేర స్కాన్ చేయిస్తోంది. మంచి పని. పేరులోనే ఉంది కదా, భూమి కోసం. ఆ స్కాన్లకు ఊరి పేరు, ఫసలీ కొట్టి వెతుక్కునే వీలు, పొలంతో సంబంధం లేనివాడికి కూడా రుసుము కట్టి చూసే హక్కు కలిపితే అది మనుషుల కోసం కూడా అవుతుంది. కొత్త ఖర్చు పెద్దగా లేదు.

పాత బళ్ళారి జిల్లా దఫ్తరాలున్న ప్రభుత్వాలన్నిటినీ నేను కోరేది ఇదే. ఆదోని, ఆలూరు, రాయదుర్గం, బళ్ళారి తాలూకాల ఇనాం రిజిస్టర్లతో మొదలుపెట్టండి. వాటి పుటలు ఏ రాష్ట్రంలో ఉన్నా ఒకే ఊరి పేరు కింద కనిపించేలా చేయండి. మోడీ లిపి నేర్చుకునే నలుగురు కుర్రవాళ్ళకు జీతమివ్వండి. హెళవల పుస్తకాలనూ పిచ్చిగుంట్లవాళ్ళ పాటలనూ వాళ్ళకు డబ్బిచ్చి, వాళ్ళ పేరుతోనే నకళ్ళు తీయించండి. ఇక చదువుతున్నవారికి ఒక మాట. ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఉంటే ఈ ఆదివారం తెరవండి. సర్వే నంబరు పక్కన టి.డి. నంబరు కనిపిస్తే ఆ కాగితాన్ని లామినేషన్ చేయించకండి, పాడవుతుంది. ఫొటో తీసి, దరఖాస్తు పెట్టండి. ఎందుకని అడిగితే, మా తాత పేరు కోసమని రాయండి.